వంత పక్కన పెట్టిన టేపు

చిందు భాగవతం ఆడే మా మేళంలో రాజు వేషం నాదే. ఈసారైనా కిరీటం తనకిమ్మని తమ్ముడు ఏటా అడిగేవాడు. "నా గొంతు వోయిననాడు సూద్దాం తియ్" అని కసిరేవాణ్ణి. పోతుందని నేనెక్కడ అనుకున్నాను.

సీడీలు కొత్తగా వస్తున్న రోజులు. ఆర్మూరు బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణమతను కబురు పెట్టాడు. వేల్పూరులో మేమాడిన ఆటను ఎవరో మాకు చెప్పకుండా టేపు చేశారట, అది తన చేతికొచ్చిందట. సీడీ వేయొచ్చో లేదో నేను విని చెప్పాలట. నేనూ నా భార్యా వెళ్లాం. పసుపు లారీల మోత వినపడకుండా అతను వెనక గది తలుపు బిగించి, ఫ్యాను కూడా బంద్ చేశాడు. ముగ్గురి మోకాళ్లూ తగిలేంత గది.

టేపంతా గరగర. పిల్లల ఏడుపులు, ఎవడిదో దగ్గు. మద్దెల చూస్తే ఖాళీ డబ్బా కొట్టినట్టుంది.

"ఎవడో గని, టేపును వంత పక్కకే వెట్టిండు" అన్నాడతను.

మా ఆటలో నేను దరువు పాడితే, వెనక తాళం పట్టుకున్న నా భార్య అదే పాటను అందుకోవాలి. అదే వంత. నేను ముగించాకే ఆమె ఎత్తుకోవాలి, అది పద్ధతి.

రాజు యుద్ధానికి కదిలే దరువు వచ్చింది. గొంతు పైకి పోయే చోట, నేను ముగించకముందే ఆమె ఎత్తుకుంది. ఇంత తప్పా అని ఒళ్లు మండింది. రెండోసారీ అంతే. మళ్లీ పెట్టమని, చెవి స్పీకరుకు ఆనించాను. ఆమె గొంతు కింద నా గొంతు లేదు. గాలి మాత్రం ఉంది.

ఆ చోట జనం ఈలలు వేసింది నాకు కాదన్నమాట. తలెత్తలేకపోయాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ మూసిన తలుపునే చూస్తోంది. లేచి పోదామంటే ఆమె మోకాళ్లు దాటాలి. బాగుందంటే ఊరూరా వింటారు. బాగాలేదంటే ఎందుకని అడుగుతాడు. చెమటలు కారిపోతున్నాయి.

"ఏమంటవన్నా, వేద్దామా?"

"రికార్డు ఖరాబున్నది. వద్దు."

"గరగర తీపిస్త తియ్. నీ గొంతయితే మస్తున్నది, పైదాంక వోయింది."

అతను నాదనుకున్నది ఆమె గొంతునే. వద్దంటే వద్దని టేపు లాక్కుని జేబులో వేసుకున్నాను.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగాను. "ఎప్పటి సంది?"

"నువ్వు జరంల ఆడినప్పటి సంది. చెప్తే ఓర్వవని చెప్పలే."

ఆ ఎండాకాలం పెర్కిట్‌లో ఆట నాడు కిరీటం తమ్ముడి తలకు నేనే కట్టాను. పోయి వంతలో ఆమె పక్కన నిలబడ్డాను. అదే దరువు. పైకి పోయే చోటు రాగానే, అలవాటుకొద్దీ ఆమె నోరు తెరిచింది. మోచేయి పట్టుకుని ఆపాను. తమ్ముడు ఒక్కడే పైదాకా పోయాడు.

వాడు ముగించాక ఇద్దరం ఎత్తుకున్నాం. ఆ చోటు రాగానే నేను ఊరుకున్నాను. ఆమె పాడింది.