పద్మజ మేడం, సీసాలో చేప

"మనిషి పోతే ఏడ్వలేదు, చేపకు ఏడ్సినాది."

నిన్నటి నుంచి మా అమ్మ వచ్చినవాళ్లందరికీ నా గురించి చెబుతున్న మాట ఇది.

నిజమే. పద్మజ మేడం నిద్రలోనే పోయారని నిన్న పొద్దున ఫోన్ వస్తే నాకు ఏడుపు రాలేదు. మొన్న సాయంత్రమే మెసేజ్ పెట్టారు, ప్రయాణానికి దుప్పటి సర్దుకున్నావా అని.

తెలియనివాళ్లకు: మేడం మా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. ధర్మవరంలో కూర్చుని సముద్రం గురించి మాట్లాడే మనిషి ఆవిడొక్కరే. విశాఖలో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీకి నాచేత అప్లై చేయించింది ఆవిడే. సీటు వచ్చింది. సోమవారం జాయినింగ్.

వాళ్లింట్లో టేబుల్ మీద ఒక గాజుసీసా ఉండేది. అందులో పాడవకుండా ఫార్మలిన్ మందులో ఉంచిన అరచేయంత చేప. విసనకర్రలా చదునుగా, సన్నటి తోకతో. స్కేట్ అంటారు. వెలుతురు పడని లోతులో, బురద మీద బతుకుతుంది. రొయ్యల వలలో పడి, హార్బర్‌లో చెత్తకుప్పలోకి పోతుంటే ఏరి తెచ్చుకున్నారట.

"అంత చీకట్లో ఏం తింటాది మేడం?" అని అడిగాను ఒకసారి.

"పైనుంచి ఏదో ఒకటి రాల్తాంటాది. దాన్ని పురుగులు తింటే, పురుగుల్ని ఇది తింటాది. మనం వానకు చూసినట్టే పాపా. దీనికి క్రాప్ ఇన్సూరెన్స్ గూడా లేదు."

నిన్న దహనం అయ్యాక బంధువులు ఆవిడ పరుపు, దిండ్లు ఊరి బయట పారేశారు. మా వైపు ఆచారం, సరే.

సీసానూ పారేశారు.

"చచ్చిన చేపను ఇంట్లో పెట్టుకోబట్టే ఈ గతి పట్టినాది" అంది ఆవిడ ఆడపడుచు, అందరి ముందూ. తలలూపినవాళ్లలో మా సైన్స్ లెక్చరర్లు కూడా ఉన్నారు. ఆ నోళ్లతోనే రేపు మళ్లీ పాఠం చెబుతారు.

వెళ్లి చూస్తే సీసా పగిలి ఉంది. ఫార్మలిన్ ఘాటుకు కుక్కలు కూడా దగ్గరికి రాలేదు. చేప తోక విరిగి, మట్టి కొట్టుకుని పడి ఉంది. అక్కడ ఏడ్చాను.

ఇంటికొస్తే నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే అన్నాడు.

"ఆయమ్మే పోయినాక నీకెందుకు పాపా సముద్రం? ఆ సీటు ఇడ్సిపెట్టు."

చితి ఇంకా ఆరలేదు. అప్పుడే ఆవిడ చావు మా ఇంట్లో నన్ను ఆపడానికి పనికొచ్చింది.

మేడం, పోయి రండి. ఎవరి మాటా మీదాకా రాని చోట నిమ్మళంగా ఉండండి.

ఆదివారం రైలుకు టికెట్ తీసుకున్నాను. సోమవారం జాయినవుతున్నాను.