రొంటిన దోపుకున్న గుల్ల

రాస్తున్నావా తల్లీ? నెమ్మదిగానే చెబుతాలే, కంగారుపడి సిరా ఒలకబోయకు.

నేను గోదారి గట్టున పుట్టినదాన్ని. మా వైపు నత్తలంటే కాలవలో దొరికే నల్లనత్తలే. దొరికినన్ని ఏరి, చీర ముడిచి రొంటిన దోపుకుని ఇంటికొచ్చేవాళ్లం. మా అమ్మ పులుసు పెట్టేది. నత్త మనిషిని కుడుతుందని మాలో ఎవరికీ తెలీదు.

కాపురానికి మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డుకొచ్చాను. మూడో రోజే మా అత్త నన్ను అలివి వల దగ్గరికి తీసుకెళ్లింది. అది మగవాళ్లు రెండు కొసలూ పట్టి ఒడ్డుకి లాగే పెద్ద వల. ఆడవాళ్లం చేపలు ఏరి బుట్టలకెత్తాలి. ఆ చేపల మధ్య బొంగరంలాంటి గుల్ల ఒకటి కనబడింది. ఒళ్లంతా వల అల్లినట్టు గోధుమరంగు గీతలు, అద్దంలాంటి నునుపు! ఆడపడుచు చూస్తే లాక్కుంటుందని గబుక్కున రొంటిన దోపేశాను.

కాసేపటికి నడుం దగ్గర సూది గుచ్చినట్టయింది. చేపముల్లేమో అనుకున్నాను. ఇంకో బుట్ట ఎత్తబోతే పెదాలు తిమ్మిరెక్కాయి, కాళ్లు మడతపడ్డాయి. ఇసకలో కూలబడిపోయాను.

"పాము! వల్లో పాముంది!" అని ఆడపడుచు కేక పెట్టింది. మగవాళ్లంతా వల దులపడం మొదలెట్టారు. చెబుదామంటే నాకు నాలుక కదల్లేదు. ఊపిరీ సగమే అందుతోంది.

అత్త ఒక్కతే వలవైపు చూడలేదు. నా చెయ్యి నడుం దగ్గర ఉండటం చూసి రొంటి విప్పింది. గుల్ల కిందపడింది.

"ఓసి పిచ్చిమొహమా! చేపని కుట్టి మింగే నత్తే ఇది! దీన్నెవరైనా ఒంటికి ఆనించుకుంటారటే?"

"నాకు చూపిస్తే చెప్పేదాన్ని కదా వదినా, దాచుకుంటావా?" అంది ఆడపడుచు.

"నీ దెప్పుళ్లు తరవాత, ముందు నీళ్లు కాచి పట్రా!"

వేడిగుడ్డతో కాపడం పెట్టారు. పడుకోబెడితే ఊపిరాగేట్టుందని, అత్త నా వెనక కూర్చుని నా వీపు తన గుండెకి ఆనించుకుంది. తను గాలి పీలుస్తూ "పీల్చు" అనేది, వదులుతూ "వదులు" అనేది. నా కళ్లు మూతలు పడితే చెంప మీద తట్టేది.

"ఒసే, మూడు రోజుల కోడలా! మీ అమ్మకి నేనేం చెప్పుకోనే? పీల్చు!"

ఆ తిట్లు వింటూ పీల్చాను. పొద్దు నడినెత్తి నుంచి తాటితోపు వెనక్కి దిగేదాకా అదే పని.

సాయంత్రానికి నాలుక తిరిగింది. "అత్తా, గంజి" అన్నాను.

ఆడపడుచు ఏడుస్తూనే నవ్వింది. "చచ్చి బతికి అడిగింది గంజేనా!" అంటూ పరిగెత్తింది.

మెడ తిప్పి చూద్దును కదా, అత్త నన్ను పట్టుకున్నది పట్టుకున్నట్టే కునుకు తీస్తోంది. ఆడపడుచు గంజి తెచ్చి పిలవబోతే, నోటిమీద వేలు పెట్టి ఊరుకోమన్నాను. ఆకలి దంచేస్తున్నా కదల్లేదు. ఎన్నాళ్లనుంచో ఆ ఇంట్లో ఉన్నట్టు, అలాగే ఆనుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నాను.