పెద్దమ్మ షెడ్డు మీద పడిన నా వెలుతురు

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను ధర్మవరంలో ఒక సభ దగ్గర కరపత్రాలు పంచుతున్నాను. "పొద్దున మల్బరీ తోటలో ఆకు కోస్తా కోస్తా కూలబడిందంట రా. ఆస్పత్రికి తీసుకపోయే లోపలే అయిపాయ. బిన్నే బయల్దేరి రా" అన్నాడు. చేతిలోని కాగితాలు పక్కవాడికిచ్చి బస్సెక్కాను. పెనుకొండలో దిగి ఇంకో బస్సు ఎక్కేదాకా ఏడుపు రాలేదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఏడాదిగా చెప్పకుండా దాటేస్తూ వచ్చాను.

మా ఊరు పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఉంటుంది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. రెండిళ్ళకూ ఒకటే ప్రహరీ. వాళ్ళింటి వెనక పట్టుపురుగుల షెడ్డు. చిన్నప్పుడు అందులోకి పోవాలంటే కాళ్ళు కడుక్కోవాలి. గుడికి పోయొచ్చిన రోజు, "ఒళ్ళంతా అగరొత్తుల వాసన, పురుగులకు పడదు. బయటే నిలబడు పూజారీ!" అని నన్ను గుమ్మంలోనే ఆపేది. చీకటి పడ్డాక పురుగుల తట్టలు చూసుకోవడానికి టార్చి తీసుకుపోతే, అద్దం మీద వేళ్ళు అడ్డం పెట్టేది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా దిగే ఆ కాస్త వెలుతురే ఆమెకు చాలు. గూడు కట్టే పురుగుకు ఒక పక్క వెలుతురు ఎక్కువైతే, అన్నీ చీకటి పక్కకు పోయి గుంపుగా పడతాయనీ, రెండేసి కలిసి ఒకే గూడు కట్టుకుంటే ఆ దారం సరిగా రాదనీ నాకు చెప్పింది ఆమే. అంటే తర్వాత నేను చేసింది తెలియక చేసిన పని కాదు.

నిరుడు ఎండలు ముదరక ముందు, గార్మెంట్స్ పనికి పోయే ఆడపిల్లలు చీకటి పడ్డాక వ్యాన్ దిగి మా సందులో వస్తుంటే ఎవడో ఒకమ్మాయి మెడలో గొలుసు తెంపుకుపోయాడు. ఆ అమ్మాయి కిందపడి చెయ్యి విరిగింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆడవాళ్ళ రక్షణ మీద చదివిన చిన్న పుస్తకాలన్నీ తలలో తిరిగాయి. మరుసటి రోజే హిందూపురం పోయి, అంగట్లో ఉన్నవాటిలో పెద్ద ఫోకస్ లైటు తెచ్చి మిద్దె మీద బిగించాను. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ లైటు మొహం ఎటు పెట్టాలో ఆలోచించలేదు. కిందికి వంచకుండా నేరుగా పెట్టాను. సగం వెలుతురు సందులో పడితే, సగం పెద్దమ్మ షెడ్డు కిటికీల్లోకి పోయింది.

తెల్లారి కొళాయి దగ్గర పెద్దమ్మ నన్ను ఆపింది.

"ఏమబ్బా, మిద్దె మీద సూర్యున్ని కట్టేసినావా? మా కోడిపుంజు కూడా రాత్రంతా కూస్తానే ఉండాది."

నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు చురుక్కుమంది.

"రోంత కిందికి వంచు నాయనా. వెలుతురు కాళ్ళకు గావాల గానీ మొగాలకు యాంటికి? నా పురుగులకు రాత్రి లేకుండా పోతాంది."

"పురుగులు ముఖ్యమా పెద్దమ్మా, ఆడపిల్లలు ముఖ్యమా?" అని అందరి ముందూ అరిచాను.

"నేను మాత్రం మొగోడినా అప్పా?" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఒక కాగితం రాశాను. 'ఆడపిల్లల దారిలో చీకటి కోరేవాళ్ళు ఎవరు? దొంగలు. వాళ్ళకు వత్తాసు పలికేవాళ్ళు ఎవరు? మన మధ్యే ఉన్నారు.' పేరు రాయలేదు. రాయాల్సిన పనీ లేదు, ఊరందరికీ తెలుసు. జిరాక్స్ తీయించి బస్టాపు గోడకు అంటించాను.

రెండు రోజుల తర్వాత పెద్దమ్మ ఆ కాగితం ఒకటి పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. "అందరూ దీన్ని చూసి నన్ను చూస్తాండారు. ఏముండాదో చదివి చెప్పు నాయనా" అంది. నేను కాగితం తీసుకున్నాను. ఆడపిల్లలు జాగ్రత్తగా ఉండాలనీ, ఊరంతా వాళ్ళకు తోడుండాలనీ లేని మాటలు చదివాను. ఆమె చివరిదాకా విని, "అక్షరాలు కుదురుగా ఉండాయి" అని కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

మళ్ళీ ఎప్పుడూ లైటు సంగతి ఎత్తలేదు. షెడ్డు కిటికీలకు గోనెసంచులు కొట్టించింది. వెలుతురు ఆగింది, దాంతోపాటు గాలీ ఆగింది. ఆ ఎండల్లో పురుగులు మెత్తబడి చచ్చాయి. కోడలూ ఆమే తట్టలకు తట్టలు తెచ్చి గుంతలో కుమ్మరిస్తుంటే మిద్దె మీద నుంచి చూశాను. లైటుకున్న ఒక్క బోల్టు వదులు చేస్తే చాలునని నాకు తెలుసు. కానీ దాన్ని వంచితే ఓడిపోయినట్టు ఊరు అనుకుంటుందని, వంచలేదు.

ఫోన్ వచ్చిన ఆ రోజు నేను ఊరు చేరేసరికి పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. బుక్కపట్నం నుంచి రావాల్సిన కూతురి కోసం తెల్లారిందాకా ఉంచాలన్నారు. పొద్దు గూకుతుంటే ఎవరో పెద్దాయన, "ఏమబ్బా, నీ లైటు ఇట్ల తిప్పు. వచ్చేవాళ్ళకు మొగం కనపడాల గదా" అన్నాడు. పెద్దమ్మ కోడలు లేచి వచ్చింది. నాకు వదిన వరస.

"ఇంక వద్దబ్బా. లోపల పురుగులుండాయి" అంది. అంతే.

మిద్దె ఎక్కి బోల్టు వదులు చేసి లైటును నేలకు వంచాను. ఐదు నిమిషాలు పట్టలేదు. అప్పుడే వ్యాన్ దిగిన అమ్మాయిల్లో ఒకతె తల పైకెత్తి, "ఇప్పుడు బాగుండాదన్నా. ఇన్నినాళ్ళు కండ్లకు కొట్టి, గోడ పక్కన ఎవరుండేదీ కనపడుతాండ్లేదు" అంది. ఆ మాట ఇంకో దెబ్బ. ఎవరికోసమని పెట్టానో, వాళ్ళను కూడా ఒకసారి అడిగింది లేదు.

కిందికి దిగేసరికి వదిన షెడ్డులోకి పోతోంది. ఇంట్లో చావు ఉన్నా పురుగును పస్తు పెట్టలేరు. కాళ్ళు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను.

"వదినా, ఆ పొద్దు ఆ కాగితం నేను తప్పు చదివినా."

ఆమె ఆకు దులుపుతూనే ఉంది. "తెలుసు. ఆయమ్మ నీకాడికి వచ్చే ముందరే నాతో చదివించుకునింది."

"మరి నాకాడికి యాంటికి వచ్చిందో?"

"రాసింది నోటితో అంటావేమో చూద్దామని. ఇంటికి వచ్చినాక చెప్పింది, పిల్లోడు చదవల్యాకపోయినాడే, పాపం, అని."

ఏదో చెప్పబోయాను. "మాటలు యాడికి పోతాయి గానీ, ఈ తట్టలకు ఆకు ఎయ్యి. పలచగా ఎయ్యల్ల" అంది.

మసక చీకట్లో వంగి ఆకు పరిచాను. పొద్దున పెద్దమ్మ తన చేతులతో కోసిన ఆకు అది, ఇంకా వాడిపోలేదు. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత ఒక ఆకు అంచు సన్నగా వణికింది. దాని కింద నుంచి తెల్లటి తల ఒకటి పైకొచ్చి, అటూ ఇటూ ఊగి, తినడం మొదలుపెట్టింది.