సలోమి అక్క, ఐదు పౌండ్ల దారం

నిన్న డేవిడ్ బావగారు ఫోన్ చేసినప్పుడు నేను ఫిషింగ్ షాపులో ఉన్నాను.

కౌంటర్ వెనకాయన దారం ఏ స్ట్రెంగ్త్‌ది కావాలని అడుగుతున్నాడు. ఫోన్‌లో బావగారు "సలోమి వెళ్ళిపోయిందమ్మా" అంటున్నారు.



తెలిసిన సంగతే. చివరి రోజుల్లో ఉంచే హాస్పిస్‌లో చేర్చినప్పుడే డాక్టర్లు చెప్పేశారు. అయినా మేం చేపలు పట్టే చెరువు మీద ఐస్ కరిగిందని వినగానే, అక్కని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి ఒక్కసారి గట్టు దాకా తీసుకెళ్దామని పిచ్చి ప్లాన్ ఒకటి వేసుకున్నాను. అక్క కాదనలేదు. "టిప్పెట్ దారం అయిపోయింది, ఐదు పౌండ్లది తీసుకురా" అంది.

అందుకే వెళ్ళాను షాపుకి.

అక్క తెలియని వాళ్ళ కోసం రాస్తున్నా. సలోమి అక్కది బాపట్ల. ఇక్కడ ఈ పరాయి దేశంలో, రెజైనాలో ఒక సీనియర్స్ హోమ్‌లో కిచెన్ అంతా తన చేతిమీదే నడిచేది. నేను హైదరాబాద్ నుంచి వచ్చి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. వాళ్ళ చర్చిలో తలా ఒక వంట తెచ్చి కలిసి తినే పాట్‌లక్‌లో పరిచయం. నేను ప్రార్థనకి వెళ్ళలేదు, చేపల పులుసు కోసం వెళ్ళాను. ఆ పులుసు అక్కది.

యాభై దాటాక ఇద్దరం కలిసి ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టాం. ఇంట్లోవాళ్ళు నవ్వారు. నవ్వనీ అనుకున్నాం.

ఇందులో ఎర ఉండదు. ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుని నీళ్ళలోకి విసరాలి. లావు లైన్ చివర లీడర్ అని తొమ్మిదడుగుల దారం, పోనుపోను సన్నబడుతుంది. దాని కొసకి కట్టే సన్న దారమే టిప్పెట్. పురుగుని కట్టేది దానికే. ఎంత బరువు లాగితే తెగుతుందో దాన్ని పౌండ్లలో చెప్తారు.

మొదటిసారి షాపుకెళ్ళి అక్క అడిగింది ఒక్కటే. తెగనిది ఇవ్వమంది. సముద్రం పక్కన పెరిగిన మనిషి, పడిన చేప కూరలోకి రావాల్సిందే. పన్నెండు పౌండ్లది తెచ్చుకున్నాం.

ఆ వేసవంతా ఒక్క చేప ముట్టలేదు.

ట్రౌట్ చేప వచ్చేది. పురుగు పక్కన ఆగేది. చూసేది. వెళ్ళిపోయేది. నేను చెరువుని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. అక్క మాత్రం కళ్ళార్పకుండా చూసింది.

"పారే నీళ్ళల్లో అయితే దానికి ఆలోచించే టైముండదే. ఇవి నిలవ నీళ్ళు. తీరిగ్గా చూసుకుంటది. మన తాడు దానికి కనపడుద్ది."

మర్నాటి నుంచి మరీ సన్నది కట్టింది. రెండు పౌండ్లది. పడింది చేప, అరచెయ్యంత. తెగుతుందేమోనని గట్టిగా లాగలేదు. అది పరిగెత్తినప్పుడల్లా వదిలి, ఆగినప్పుడల్లా చుట్టి, చాలాసేపటికి గానీ ఒడ్డుకి తేలేకపోయింది. చిన్నదని జాలిపడి నీళ్ళలో వదిలేసింది.

అది ఈదలేదు. పక్కకి ఒరిగి తేలింది. అక్క మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ముందుకీ వెనక్కీ కదుపుతూనే ఉంది. లేవలేదు. ఆ రోజు పులుసు పెట్టింది గానీ తను తినలేదు.

ఆ తర్వాత ఐదు పౌండ్లే. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా అదే చెప్పేది. చేపకి కనపడనంత సన్నం, దాని ప్రాణం అలిసిపోకముందే ఒడ్డుకి తెచ్చేంత గట్టి. అంతకుమించి ఆశపడొద్దనేది.

నా రాడ్‌కి కూడా అక్కే కట్టేది. నాకు ఆ ముడి ఇప్పటికీ రాదు. "జర లావుది కట్టక్కా" అని ప్రతిసారీ గొడవ చేసేదాన్ని. ఏదైనా చేజారిపోతుందంటే నేను తట్టుకోలేను.

పోయిన చలికాలం అక్క క్యాన్సర్‌కి కీమో పనిచేయడం లేదని తేలింది. ఇంకో మందుంది, గ్యారంటీ లేదు, కావాలంటే ట్రై చేద్దామన్నాడు డాక్టర్. అక్క వద్దంది.

నేను మంచం పక్కన కూర్చుని బతిమాలాను. ఏడ్చాను. అరిచాను కూడా. బావగారు వినలేక బయటికి వెళ్ళిపోయారు.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆ చిన్న చేప గుర్తుందా నీకు? ఇంక లాగమాకే. అలిసిపోయా."

అక్క చెప్పింది నిజమేనని అందరూ అన్నారు. నాకు మాత్రం ఈరోజుకీ ఆ మాట మింగుడు పడలేదు. ఆ మందు పనిచేసేదేమో అని ఇవాళ పొద్దున కాఫీ పెట్టుకుంటూ కూడా అనుకున్నాను.

నిన్న షాపులోంచి ఎలా బయటపడ్డానో, ఇంటి దాకా ఎలా డ్రైవ్ చేశానో గుర్తులేదు. కోటు విప్పుతుంటే జేబులో టిప్పెట్ చుట్ట తగిలింది. తీసి చూశాను.

పన్నెండు పౌండ్లది.

షాపాయన అడిగితే నేనే చెప్పి ఉంటాను.

తెగనిదే తెచ్చానక్కా. కట్టడానికి నువ్వు లేవు.

ఈ ఏడు చెరువుకి వెళ్ళను. వచ్చే ఏడు వెళ్తానని కూడా అనుకోవడం లేదు. నువ్వు ప్రభువు దగ్గర ఉన్నావని బావగారు అంటున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. ఉంటే బాగుండేదని నిన్నటి నుంచి అనిపిస్తోంది.

ఒకవేళ నువ్వక్కడే ఉంటే, నెమ్మదిగా ఉండు సలోమక్కా. ఇక నిన్నెవరూ లాగరు.

నేను కూడా.