విరగని రికార్డు

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే ఆయన్ని అందరూ భూతద్దం అనే పిలిచేవారు. షాపులో వాడే భూతద్దాన్ని సాయంత్రం జేబులో వేసుకుపోయి, తన పాత రికార్డుల మీద గీతలేమైనా పడ్డాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసుకునేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా తన మొహాన్ని అంత శ్రద్ధగా ఒక్కనాడూ చూళ్ళేదని భార్య ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. మెత్తటి మనిషి, ఒకరి జోలికి పోయే రకం కాదు. అలాంటివాడు జీవితంలో ఒకే ఒక్క దొంగతనం చేశాడు. అదీ సొంత అక్క మొగుడి దగ్గర.

బావ సిటీ బస్సు డ్రైవరు. ఆ ఉద్యోగం రాకముందు, టైర్ల కొట్టు పైనున్న డాన్స్ హాల్లో రికార్డులు పెట్టేవాడు. మెషిన్లతో పాటలు కట్టడం అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. హాలు మూతపడ్డాక అక్కడి సరుకంతా ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోగా, బావకి మిగిలింది ఒక్క రికార్డు. పన్నెండంగుళాల సింగిల్, వైపుకో పాట. పాడేవాళ్ళు లేరు, మాటల్లేవు. డ్రమ్ మెషిన్ దబ్ దబ్‌మని ఆగకుండా నడుస్తుంటే, దాని కింద సింథసైజర్ నాలుగే నాలుగు స్వరాల్ని పట్టుకుని నెమ్మది నెమ్మదిగా గొంతు మారుస్తూ పోతుంది. ఎవరో ఇద్దరు స్నేహితులు కారు షెడ్డులో కూర్చుని దాన్ని తయారుచేసి, మూడొందల కాపీలు మాత్రమే వేయించారట. మధ్యలో తెల్ల కాగితం, దాని మీద ఊదారంగు రబ్బరు ముద్ర. పేరు కూడా లేదు. తర్వాత అలాంటి పాటలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి గానీ, తొలినాళ్ళ సరుకు కాబట్టి దీనికోసం వెతికేవాళ్ళు వెతుకుతూనే ఉన్నారు.

భూతద్దం దాన్ని వారం రోజులకని అడిగి తెచ్చుకున్నాడు, క్యాసెట్లోకి ఎక్కించుకోవడానికి. ఎక్కించుకున్నాడు. కానీ క్యాసెట్ వింటుంటే ఎక్కడో వెలితి. రికార్డు మీద ముల్లు దింపితే ఆ దబ్ దబ్ గుండెలో మోగుతుంది. ఒక వారం రెండు వారాలైంది. బావ తొందరపెట్టలేదు. అదే చెడగొట్టిందేమో ఆయన్ని. మూడో ఆదివారం, ఎందుకూ పనికిరాని వేరే రికార్డుని మోకాలికేసి విరిచి, ఆ ముక్కలు పాత కాగితంలో చుట్టి, అక్క వాళ్ళింటికి వెళ్ళాడు. కుర్చీలో పెట్టి మర్చిపోయి దాని మీదే కూర్చున్నానన్నాడు. బావ విప్పి చూస్తే దొంగతనం అక్కడికక్కడే బయటపడేది.

బావ పొట్లం విప్పనే లేదు.

"పోతే పోయిందిలేరా. నీకేం గుచ్చుకోలేదు కదా?" అన్నాడు.

ఆ మాటకి భూతద్దం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి, పాపం వాడు నాకంటే ఎక్కువ బాధపడుతున్నాడని బావ అక్కతో అన్నాడట. అక్క ఆ సంగతి తమ్ముడికి చెప్పి ఓదార్చింది కూడా. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని ఆయనకి తెలుసు. అయినా చెప్పకుండానే ఇంటికొచ్చేశాడు.

ఇరవై రెండేళ్ళు ఆ రికార్డు వేరే అట్టలో, బీరువా పై అరలో దాక్కుంది. భార్య బయటికెళ్ళినప్పుడు తీసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేవాడు. మెట్ల మీద ఎవరైనా వస్తున్నారేమోనని మాటిమాటికీ ఒక చెవి తెరిచి చూసుకునేవాడు. ఇష్టపడి తెచ్చుకున్నదాన్ని ఒక్కసారైనా కుదురుగా విన్నది లేదు. బావ కనబడితే తల దించుకునేవాడు, బావ పాటల మాటెత్తితే ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

బావ రిటైరైన మర్నాడు, చంకలో పల్చటి ప్యాకెట్ పెట్టుకుని షాపుకొచ్చాడు. వెనక గదిలోకి వచ్చి, బల్ల మీద అద్దాల పొడి చేత్తో తుడిచి, దాన్ని జాగ్రత్తగా పెట్టాడు. తెల్ల కాగితం, ఊదారంగు ముద్ర.

బస్సు ఏ రూటులో వేసినా, ఆఖరి స్టాపులో దొరికే పది నిమిషాల్లో చుట్టుపక్కల పాత సామాన్ల కొట్లన్నీ గాలించేవాడట. ఎన్నో ఏళ్ళకి, మొన్న ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక ముసలాయన దగ్గర దొరికిందట.

"నాకోసం కాదురా, నీకే," అన్నాడు బావ. "అది విరిగిన దగ్గర్నించీ నా మొహం సరిగ్గా చూడట్లేదు నువ్వు. అదేం బాగాలేదు నాకు."

భూతద్దం తీసుకున్నాడు. థాంక్స్ కూడా చెప్పాడు. ఆ రోజు అరగదీసిన అద్దాలు రెండు పగిలాయి.

పదకొండు రోజులు అన్నం సయించలేదు. భార్య నిలదీస్తే మొత్తం కక్కేశాడు. ఆవిడ అంతా వింది. "నాకెందుకు చెప్తున్నావు? నేనేం పోగొట్టుకోలేదుగా," అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే, అక్క మార్కెట్‌కి వెళ్ళే వేళ చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. బావ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. భూతద్దం రెండు రికార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. చెప్పడానికి ఎన్నో మాటలు కూడబలుక్కుని వచ్చాడు గానీ, "అది విరగలేదు బావా," అన్నది ఒక్కటే బయటికొచ్చింది.

బావ చేతులు తుడుచుకుని వచ్చాడు. పాతదాన్ని చేతిలోకి తీసుకుని అంచు పట్టుకుని వెలుతుర్లోకి తిప్పాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత చూస్తున్నా, అందులో ఏ గీత ఎక్కడుందో ఆయనకి తెలుసు.

"ఎన్నిసార్లు విన్నావ్?"

"ఎక్కువ వినలేదు. భయమేసేది."

"నేనూ వినలేదు, నువ్వూ వినలేదు," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "అడిగుంటే ఇచ్చేసేవాణ్ణిరా. అడగాల్సింది."

కొట్టినా బాగుండుననిపించింది భూతద్దానికి. బావ కొత్తదాన్ని ఆయన వైపు తోశాడు. వద్దన్నా వినలేదు, ఇచ్చింది వెనక్కి తీసుకోనన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు.

"మీ అక్కకి చెప్పకు. దానికి నువ్వంటే ప్రాణం."

రెండు నెలలు బావ నుంచి ఫోన్ లేదు. ఆ తర్వాత ఒక ఆదివారం, రమ్మని కబురు. వెళ్ళేసరికి బావ అటకమీంచి రికార్డు ప్లేయరు దించి, పాత రికార్డుని తిప్పుతున్నాడు. ఇల్లంతా దబ్ దబ్. అక్క మొహం వెలిగిపోతోంది.

"చూశావా మీ బావ! నీకొకటి తెచ్చిందే కాక, తనకీ ఒకటి సంపాదించుకున్నాడు," అంది.

భూతద్దం నోరు తెరిచాడు. బావ తలెత్తి ఆయన వంక చూసి, రికార్డుని రెండో వైపుకి తిప్పి పెట్టాడు. అక్క తమ్ముడి చేతిలో టీ కప్పు పెట్టింది. చెరోవైపు కూర్చుని, ఆ రెండో పాటని మొదట్నుంచి చివరిదాకా విన్నారు ఇద్దరూ. బావ వేళ్ళు మోకాలి మీద దరువేస్తూనే ఉన్నాయి. భూతద్దం మాత్రం చేతిలో కప్పు కదపకుండా, పాట అయ్యేవరకు నేల చూస్తూ కూర్చున్నాడు.