ఉప్పుచేపలత్త ఈరోజు ఏమంది?

ఒక పేరును నమ్మి వచ్చేవాళ్లు నిజానికి ఎవరిని నమ్మి వస్తారు? కొన్నేళ్లుగా ఈ ప్రశ్న నాతో ఉంది. పోయిన నెల మా మేనత్త చనిపోయాక అది మరీ బరువెక్కింది. జ్వరమని ఆమెను నెల్లూరు ఆస్పత్రికి తెచ్చారు. తిరిగి వాళ్ల ఊరు మైపాడు వైపు తీసుకెళ్లేటప్పటికి ఆమె లేదు.

ఆమె ఎండుచేపలు అమ్మేది. వయసులో ఉన్నప్పుడు గంపతో బస్సెక్కి మనుబోలు దాకా, లోపలి రైతుల ఊళ్లకు వెళ్లేది. అక్కడి ఆడవాళ్లే ఆమెను ఉప్పుచేపలత్త అన్నారు. నేను యూనివర్సిటీలో చదివే రోజుల్లో సెలవులకు వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు ఎండ్రొయ్యల పొడి డబ్బా నా సంచి అడుగున దాచి పంపేది. హాస్టల్ గదంతా వాసన వచ్చి తిట్లు తినేదాన్ని. తిట్టినవాళ్లే తర్వాత అన్నంలో కలుపుకుని తినేవాళ్లు.

మోకాళ్లు మొరాయించి ఆమె తిరగడం మానేశాక, చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే నేను ఆమెకూ ఒకటి చేస్తానన్నాను. బాగా ఆలోచించి ‘తీర రుచులు’ అని పేరు రాసి వినిపించాను.

“అదెవురి పేరమ్మే?” అంది. “ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను.”

అలా సైటుకు కూడా ఉప్పుచేపలత్త అనే పేరే ఖాయమైంది. ఫొటో కోసం తన కొడుకు భార్య గొలుసు వేసుకుని స్టూడియోకి పోయింది. ఆ కోడలు ఫొటో చూసి “ఓట్లకు నిలబడినట్టుండావత్తా” అని నవ్వింది. “నిలబడితే నువ్వేస్తావా ఏంది!” అని విసురుగా అని, ఆ ఫొటోనే పెట్టమంది అత్త.

మొదట్లో ప్రకటనలు ఇచ్చాను. ప్రకటన నొక్కి వచ్చినవాళ్లు ఒకసారి చూసి వెళ్లిపోయేవాళ్లు. మా పేరు కూడా వాళ్లకు గుర్తుండేది కాదు. అప్పుడు మొదటి పేజీలో ఒక చిన్న గడి పెట్టాను. రోజూ పొద్దున ఆమె ఫోన్లో ఒక మాట చెప్పేది, నేను మార్చకుండా అందులో రాసేదాన్ని. “ఎండ బాగుంది. నెత్తళ్లు గలగలంటా ఉండాయి.” ముసురు పడితే, “ఎండ లేదు. చేప మెత్తబడింది. ఈ వారం అడగబాకండి.”

కొనొద్దని చెప్పే దుకాణం ఎక్కడైనా ఉంటుందా అని వాదించాను. ఆమె వేలెడంత ఎండు నెత్తలి ఒకటి తీసుకుని నా చెవి దగ్గర విరిచింది. పుటుక్కుమనాల్సింది, చప్పుడు రాలేదు. “ఇది పంపిస్తే మళ్లీ మన గడప తొక్కుతారా?” అంది. నాకు నమ్మకం కుదరలేదు. ఆ వానాకాలం నిజంగానే అమ్మకాలు పడిపోయాయి. కోడలితో పాటు అత్త దగ్గర చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు పని లేక కూర్చున్నారు. అత్తా నేనూ కొన్నాళ్లు ముభావంగా ఉన్నాం.

జనం రావడం మాత్రం మానలేదు. ఎక్కడా వెతక్కుండా, ఏ ప్రకటనా నొక్కకుండా, ఉప్పుచేపలత్త అని తామే టైప్ చేసుకుని నేరుగా వచ్చేవాళ్లు. కొనేదేమీ లేకపోయినా ఈరోజు అత్త ఏమందో చూసి పోయేవాళ్లు. మనుబోలు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “ఏందత్తా, చేపలియ్యవు, కబుర్లు మాత్రం రోజూ వడ్డిస్తా ఉండావే!” అని దెప్పింది. ఆ రోజంతా అత్త కనిపించినవాళ్లకల్లా ఆ మాట చెప్పుకుంది. “వద్దన్నా వచ్చి చూసిపోతారే, వాళ్లే మన మనుషులమ్మే” అంది నాతో.

ఆమె పోయిన రోజు గడిలో మాట మారలేదు. ఆ తర్వాతా మారలేదు. జనం మునుపటికన్నా ఎక్కువగా వస్తున్నారు. పాత మాటే చూసి వెళ్తున్నారు, మర్నాడు మళ్లీ వస్తున్నారు.

పెద్దకర్మ అయ్యాక కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. “ఇంక రోజూ నేను చెప్తా వదినా. నువ్వు అత్త చెప్పినట్టే రాసెయ్.”

“పోయిన మనిషి మాట్లాడతా ఉన్నట్టు ఎట్టా రాసేది?”

“నా పేరు పెడితే ఎవురొస్తారు? నన్నెవురు ఎరుగుదురు? ఈ పనినే నమ్ముకోని మూడిళ్లుండాయి.” నా వైపు తిరిగి అంది. “ఇన్నేళ్లూ ఎండబెట్టింది మేము, పేరు అత్తది. అప్పుడు లేని అబద్ధం ఇప్పుడెట్టా వచ్చింది?”



అత్త లేదని మీకు చెప్పగలిగాను. ఆ గడిలో మాత్రం ఆ ఒక్క వాక్యం రాయలేకపోతున్నాను. రాస్తే వచ్చేవాళ్లు ఆగిపోతారేమో, ఆ ఇళ్లలో పని ఆగిపోతుందేమో. రాయకపోతే, వద్దన్నా వచ్చినవాళ్లనే మోసం చేస్తున్నానేమో. పోనీ కోడలి పేరు పెడదామంటే, జనానికి ఆమె అలవాటయ్యేదాకా ఆగే ఓపిక ఆ మూడిళ్లకు ఉందో లేదో. ఏది సరైనదో నాకు ఇంకా తెలియదు.

ఈ ఉదయం కోడలు ఫోన్ చేసింది. వెనక గాలి హోరు, నేల మీద పరిచిన పట్టాలపై చేపలు తిరగేస్తున్న చప్పుడు. “తూర్పు తెల్లగా ఉండాది వదినా, ఈరోజు బాగా కాస్తాది” అంది. నేను రాసుకుంటున్నాననుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి, ఇంకోసారి చెప్పింది.