పకోడీల పొట్లం

మా తోడికోడలు నా బిడ్డ కట్టిన పొట్లాన్ని రెండు వేళ్ళతోని ఎత్తి పట్టుకొని నవ్విన రోజే అనుకున్న, దీనికి బదులు తీర్చుకోకపోతే నేను నేనే కాదని. మా ఆయన ఇప్పటికీ అంటడు, "గంత చిన్న ముచ్చటకు గంత పగనా?" అని. చిన్న ముచ్చటంట! ఆయనదేం పోయింది, ఆయన పందిట్ల భోజనాల కాడ ఉన్నడు. ఆ నవ్వు విన్నది నేనూ, నా బిడ్డా.

మాది టేకులపల్లి. నేను ఇంటికాడ మిషిన్ కుడతా, మా ఆయన ఆటో నడుపుతడు. మా బావది ఇల్లందుల బొగ్గుబాయి ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. అందుకే మా తోడికోడలికి మేమంటే ఎప్పుడూ ఓ మెట్టు కిందనే. వాళ్ళ పెద్దపిల్లను వేంసూరు దిక్కు బాగా పొలాలున్న ఇంటికి ఇచ్చిండ్రు. ఆ పెళ్ళికి మేము స్టీలు పళ్ళాలు కొన్నం. కొన్నంక చేతిల ఇంకేం మిగలలే, మెరుపు కాగితం ఎక్కడ కొనేది? నా బిడ్డ నాలుగో తరగతి. "నేను చుడతనే అమ్మా" అని న్యూస్ పేపరు పరిచి, పసుపు నీళ్ళతోని ముగ్గులు పెట్టి, ఆరబెట్టి, పురికొసతోని పువ్వు ముడి వేసింది. పొద్దంతా దానికాడనే కూసున్నది. నిజం చెప్తున్న, నాకు ముద్దొచ్చింది ఆ పొట్లం.

స్టేజీ మీద మా తోడికోడలు దాన్ని చూసింది. ఎత్తింది. పక్కన వియ్యపురాలు, ఫొటోలాయన, చుట్టాలందరూ ఉన్నరు. "ఏందే ఇది, పకోడీల పొట్లం తెచ్చినవా? నూనె కారుతదేమో, నా చీర జాగ్రత్త!" అన్నది. పందిరంతా పగలబడి నవ్వింది. నా బిడ్డ నా కొంగు పట్టుకొని నిలబడ్డది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నది.

ఆ చేతులు మళ్ళా ముందుకు రాలే. ఇంట్ల కాగితం ముట్టదు, ముగ్గు వెయ్యదు. బళ్ళె టీచరమ్మ రంగు కాగితాలిచ్చి పూలు చెయ్యమంటే, "నాకు రాదు టీచర్" అన్నదంట. నేను రవికెలు కత్తిరిస్తుంటే మిగిలిన ముక్కలతోని గూటిల బొమ్మకు లంగా కుట్టే పిల్ల అది! ఆ ముక్కలను ఇప్పుడు ఊడ్చి బయట పారబోస్తున్నది. నాకు బువ్వ సయించలే. అక్కా, నీ సంగతి చెప్తా ఉండు అనుకున్న.

కోపముంటే సరిపోదు కదా, సందు దొరకాలె. ఆ సందు మా తోడికోడలే తెచ్చి నా చేతిల పెట్టింది. మేము ఇంటి ముందర రేకుల గది వేసుకొని పాలు పొంగిచ్చినప్పుడు వచ్చింది. చేతిల తళతళ మెరిసే పొట్లం. ఎంత మంచిగున్నదో! అందరి ముందల, "చూడు, గిఫ్టంటే గిట్లుండాలె" అని నా చేతిల పెట్టి పోయింది. విప్పి చూస్తే పెద్ద స్టీలు గిన్నె, మూతతోని. మంచి బరువున్నది. కడుగుదామని తిప్పిన. అంచు కింద చుక్కల అక్షరాలతోని పేరు చెక్కి ఉన్నది. ఎవరిదనుకున్నరు? వాళ్ళ వియ్యంకునిది. ఇంటిపేరు, ఊరు సహా.

మా దిక్కు సామాను పెట్టేటోళ్ళు పేరు కొట్టిచ్చే పెడతరు. నలుగురు తినేటప్పుడు ఎవరు పెట్టిండ్రో కనపడాలె కదా. వియ్యంకులు పెట్టిన గిన్నెను మా తోడికోడలు విప్పి కూడ చూడలే. పైన చీటీ పీకేసి మాకు అంటగట్టింది. ఆమె పద్ధతే అంత. వచ్చిన గిఫ్టులన్నీ బీరువాల దాస్తది. విప్పితే మళ్ళా చుట్టాలె, చుడితే మళ్ళా కాగితం కొనాలె, ఎందుకని? ఎవరింట్ల ఏం కార్యమైనా అందుల నుంచి ఒకటి తీస్తది. అన్నిట్ల అందంగున్నది మాత్రం వేంసూరు వియ్యపురాలికే పోతది. నేను ఆమె బీరువా చూసినదాన్నే, ఆమె లెక్క నాకు తెల్వదా?

మా ఆయన గిన్నె చూసి నవ్విండు. నేను నవ్వలే. చింతపండుతోని తళతళలాడేటట్టు తోమి, గుడ్డ చుట్టి, అటక మీద పెట్టిన.

మోదుగు పూలు పూసినంక మా బావోళ్ళ పెళ్ళిరోజు వచ్చింది. ఇల్లందుల కేకు కోస్తరంట, అందరూ రావాలంట. వస్తా అక్కా, తప్పకుండ వస్తా అన్న. ఇగ నా పని మొదలుపెట్టిన. గది కట్టినప్పటి సిమెంటు సంచులు మూలకు పడున్నయి. ఒకదాన్ని దులిపి, లోపలి పొర కాగితాన్ని జాగ్రత్తగ ఊడదీసిన. తండా దారిల రాలిన మోదుగు పూలు ఏరుకొచ్చి ఉడకబెడితే నీళ్ళు కాషాయం రంగుకు దిగినయి. కాగితాన్ని అందుల ముంచి, పిండకుండ తీసి, తడి తడిగ ఉండంగనే ఇస్త్రీ చేసిన. అబ్బ, ఆ రంగు! పైన సన్నటి ముడతలు పడి పట్టు గుడ్డ తీరు కనపడ్డది. నా పాత పెళ్ళి చీర చినిగింది, అంచు మాత్రం చెడలే. ఆ జరీ అంచు కోసిన. పాత పెళ్ళి కార్డుల మీది బంగారు రంగు ఆకులు కత్తిరిచ్చిన. అంటిచ్చేటందుకు మైదాపిండి ఉడికిస్తే లై తయారైంది. ఇల్లందుల నేను లైనింగు గుడ్డ కొనే దుకాణం భాయిని అడిగితే, మిగిలిన లేసు కొసలు గుప్పెడు ఇచ్చిండు. "లే జావ్ బేటీ, తీస్కపో, మాకు గివి చెత్తనే" అన్నడు.

అన్నీ ఉన్నయి గాని ముడి కుదరలే. జరీ అంచును పువ్వు లెక్క మడిస్తే ఓ పక్క ఒరిగిపోతది. విప్పుడు, కట్టుడు. నా బిడ్డ గడప మీద కూసొని చూస్తున్నది. నేను పిలవలే. పిలిస్తే రాదని తెలుసు. మళ్ళా తప్పు కట్టిన. ఈసారి అది ఉండబట్టలేక, "అమ్మా, గట్ల కాదే! కింద పిన్నీసు పెట్టి తిప్పాలె" అన్నది.

"నాకు రావట్లే, నువ్వే జెయ్యి" అని కత్తెర దాని దిక్కు జరిపిన.

చేతులు లంగాకు తుడుచుకొని ముందుకు పెట్టింది. జరీ పువ్వు చేసింది, కార్డు ఆకులు దాని చుట్టూ దిద్దింది, లేసును అంచుకు అంటిచ్చింది. దుకాణాల గంత మంచి పొట్లం నేను చూడలే. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఆ నీళ్ళతోనే అనుకున్న, అక్కా, ఇగ నువ్వు దొరికినవ్ అని.

లోపల ఏమున్నదో చెప్పాల్నా? వాళ్ళ గిన్నెనే, పేరు సహా.

పెళ్ళిరోజు నాడు మా తోడికోడలు ఆ పొట్లాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఏ దుకాణంల చుట్టిచ్చినవే?" అని అడిగింది. "ఏదో ఉన్నది లే అక్కా" అన్న. విప్పలే. నా కండ్ల ముందలే బీరువాల పెట్టి తాళమేసింది. నాకు ఆ రోజు నుంచి కమ్మటి నిద్ర పట్టింది.

ఎండలు ముదిరినంక వేంసూరుల వియ్యంకులు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నరు. మమ్మల్నీ పిలిచిండ్రు. పిలవకపోయినా పోయేదాన్నే. గిఫ్టుల బల్ల మీద మా కాషాయం పొట్లం అన్నిటికంటే పైన ఉన్నది! వియ్యపురాలు దాన్ని చూసి మురిసిపోయింది. "ఎంత బావుందండీ వదినగారూ, ఇది ఇప్పుడే విప్పుతాను" అన్నది. పాపం, కాగితం చినగకుండ మెల్లగ విప్పింది. గిన్నె తీసింది. తిప్పి చూసింది. అంచు కింద మొగుడి పేరు.

"వదినగారూ, ఇది మేము మీకు పెట్టిన గిన్నె కదండీ?"

ఒక్కరు నవ్వలే. నవ్వితేనే నయముండు. మా తోడికోడలి ముఖంల నెత్తురు చుక్క లేదు. నా దిక్కు చూసింది. నేను రెప్ప వెయ్యకుండ చూసిన. నేనిచ్చిందని చెప్పాలంటే, వాళ్ళ గిన్నెను ముందల మాకిచ్చినట్టు ఒప్పుకోవాలె. నా కడుపు చల్లబడ్డది. ఎవరేమన్నా అనుకోండ్రి, చల్లబడ్డది.

వియ్యపురాలు పెద్దమనిషి. గిన్నె పక్కకు పెట్టి, "పోనివ్వండి, ఇంతకీ ఈ పొట్లం కట్టిందెవరు?" అని అడిగింది. నేను నా బిడ్డను ముందుకు నెట్టి, "నా బిడ్డనండి" అన్న. గట్టిగ, పందిరంతా వినపడేటట్టు. ఆమె నా బిడ్డ చేతులు రెండూ పట్టుకొని, "మా కూతురి పాప బారసాలకు అన్నీ నువ్వే చుట్టాలమ్మా. మీ పెద్దమ్మతో చెప్పి పంపిస్తాను" అన్నది.

అట్ల మా తోడికోడలు మొన్న మా రేకుల గదికి రావలసొచ్చింది. చేతిల బారసాలకు పెట్టే వెండి గిన్నె, నోట్లె బెల్లం. "బిడ్డా, మా వియ్యపురాలు నువ్వే చుట్టాలని పట్టువట్టింది. జర మంచిగ చుట్టియ్యవే" అన్నది.

నేనేం చెప్పలే. ఒట్టు, ఒక్క ముక్క నేర్పలే. నా బిడ్డ లోపలికి పోయింది. జరీ ముక్కలు, లేసు, రంగు కాగితాలు అన్నీ ఉన్న డబ్బా తెస్తదనుకున్న. న్యూస్ పేపరు, పురికొస తెచ్చింది. వెండి గిన్నెను నడుమ పెట్టి, నాలుగు మూలలు మడిచి, పురికొస చుట్టి, పువ్వు ముడి వేసి, రెండు చేతులతోని పెద్దమ్మకు అందిచ్చింది.

"చీర జాగ్రత్త పెద్దమ్మా, నూనె కారుతదేమో" అన్నది.